లెంపీ అమ్మిన తుపాకి

రేనో హీక్కినెన్ ఎడమచేతికి మూడు వేళ్ళే మిగిలాయి. ఇరవై తొమ్మిదేళ్ళు అడవిలో కలప కొట్టాడు. ఆ పనిలో ముప్పయ్యో ఏట దుంగలు లాగే ఇనుపతాడు పట్టు తప్పి చేతికి చుట్టుకుంది. అప్పట్నుంచీ, అంటే నాలుగేళ్ళుగా, బళ్ళో వరండాలు ఊడుస్తున్నాడు.

చేతితో పాటే వేటా పోయింది. అతని పాత తుపాకి ఒకసారి పేల్చాక, రెండో తూటా ఎక్కాలంటే కుడిచేత్తో బోల్టు వెనక్కి లాగి మళ్ళీ ముందుకి తొయ్యాలి. ఆ కాసేపూ బరువంతా ఎడమచేతి మీదే ఉంటుంది. మూడు వేళ్ళు ఆ బరువు మొయ్యలేవు. ఏటా నవంబరులో పాత నేస్తాలు జింకమాంసం కాగితంలో చుట్టి గుమ్మంలోకి తెచ్చేవాళ్ళు. “మాకెక్కువైంది, తీసుకోవోయ్” అనేవాళ్ళు. ఎక్కువేమీ కాలేదని అతనికి తెలుసు. మాంసం తినడం కష్టమనిపించలేదు గానీ, నాలుగేళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి నవ్వుతూ థాంక్స్ చెప్పి చెప్పి మొహం నొప్పెట్టింది.

అక్టోబరు చివర్లో అతని భార్య ఇర్మా కిరాణాకొట్టు గోడమీద ఒక చీటీ చూసింది. తూటా దానంతటదే ఎక్కించుకునే పాత వేటతుపాకి, నలభై ఏడులో కొన్నది, అమ్మకానికి ఉందట. కింద లెంపీ రౌటియో అని పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ ఉన్నాయి.

“చూసిరా పో. కొనమనట్లేదు, చూసిరమ్మంటున్నా” అంది.

“చూడ్డానికి నలభై మైళ్ళు పోవాలా?”

“పొద్దస్తమానం కిటికీలోంచి చూస్తున్నావుగా. అక్కడ కనబడేదేముంది, ఎదురింటి చెత్తడబ్బా తప్ప?”

వాదించే ఓపిక లేక బయల్దేరాడు.

లెంపీకి ఎనభై దాటాయి. బక్కపల్చటి మనిషి, మగవాళ్ళ ఉన్నికోటు వేసుకుంది. తలుపు తీసి అతని మొహంకేసి కాకుండా భుజంకేసి చూస్తూ మాట్లాడింది. కాఫీ ఇచ్చి, యాలకుల రొట్టె కోసి పెట్టాకే తుపాకి బల్లమీదికి తెచ్చింది. చెక్క మీద నిండా గీతలున్నాయి. ఇనుము మీది నలుపు చెయ్యి తగిలిన చోటల్లా అరిగి తెల్లబడింది.

“మీ ఆయనదాండీ?” అన్నాడు రేనో.

“మా ఆయనకి ఇది ఏవైపు పేలుతుందో కూడా తెలీదు నాయనా. ఇది నాది. గనిలో దుమ్ము తిని ఆయన మంచానపడ్డాడు, ఆరుగురు పిల్లలు. రెండేళ్ళు కలపకూలీల గుడ్డలుతికి కొన్నా. ఇరవై ఆరు చలికాలాలు ఇంట్లో కుండ నింపింది.”

“మరి ఇప్పుడెందుకు అమ్మడం?”

“కళ్ళు పోయాయిగా. అంచులు కనబడతాయి, నడిమధ్య మసక. నువ్వు నా ఎదురుగానే ఉన్నావు, నీ తల ఉండాల్సిన చోట పొగ కనబడుతోంది. కనబడనిదాని మీద పేల్చే అలవాటు నాకు లేదు. డెట్రాయిట్ నుంచి ఒకాయన గోడకి తగిలించుకుంటానని ఫోన్ చేశాడు. రాలేదు. వచ్చుంటే ఆయనకే ఇచ్చేసేదాన్ని. పద, పేల్చి చూద్దువుగాని.”

ఇంటి వెనకే పాడుబడ్డ కంకరగుంట ఉంది. ఆమె చేతికర్ర ఆనించుకుంటూ ముందు నడిచింది. అవతలున్న పెద్ద సరస్సు మీంచి గాలి కోసేస్తోంది. రేనో అరవై అడుగుల దూరంలో అట్టపెట్టెకి కాగితం పళ్ళెం గుచ్చి వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. లెంపీ ఒక్క చెవిలోనే పెట్టుకుంది. తుపాకి అనుకున్నదానికంటే బరువుంది. నిలబడి ఎత్తితే గొట్టం కిందికి వాలిపోయింది.

“కూచో” అందామె. “అక్కడ బకెట్టు బోర్లించి ఉంటుంది. మోకాలి మీద మోచెయ్యి పెట్టు. నిలబడి కొట్టమని నిన్నెవరడిగారు? నేనెప్పుడూ కూచునే కొట్టా.”

కూచుని ఐదు తూటాలు నింపి, పేల్చాడు. దెబ్బ భుజానికి రెండుసార్లు తగిలినట్టయింది. గొట్టం మొత్తం వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి రావడం చేతికి తెలిసింది. ట్రిగ్గర్ మళ్ళీ నొక్కాడు. పేలలేదు. రెండో తూటా సగం లోపలికి వెళ్ళి ఇరుక్కుంది.

రేనో తుపాకి దించాడు. కోపం రాలేదు. ఇలాగే అవుతుందని ఇంటి దగ్గర బయల్దేరినప్పుడే తెలిసినట్టు అనిపించింది.

“పోన్లెండి. మీ కాఫీ బావుంది” అన్నాడు, లేచి.

“ఆగు. మొదటి దెబ్బకే విన్నా” అంది లెంపీ. “గొట్టం వెనక్కి బాగానే పోయింది, ముందుకి రావడానికే బద్ధకిస్తోంది. ఐదేళ్ళు బీరువాలో పడుకోబెట్టా కదా, లోపల నూనె జిగురైపోయుంటుంది. తూటాలు తీసెయ్, విప్పుదాం.”

“నాకు ఓపిక లేదండీ.”

“ఓపిక లేనివాడివి ఇంతదూరం ఎందుకొచ్చావ్?”

“మా ఆవిడ పంపింది.”

“అయితే మీ ఆవిడకి ఓపికుంది. ఆవిడ కోసమన్నా రా.”

వంటింటి బల్లమీద పాత పేపర్లు పరిచారు. ఆమె వేళ్ళతోనే తడిమి మర వదులు చేసింది; గొట్టం ఊడి చేతిలోకొచ్చింది. లోపల తారులాంటి నల్లటి జిగురు. పట్టుకోవడానికి ఒకచోట అతని చెయ్యి చాలలేదు, చూడ్డానికి ఇంకోచోట ఆమె కళ్ళు చాలలేదు. “ఎడమకి తిప్పు... ఇంకాస్త... నీ ఎడమ కాదు, నా ఎడమ” అంటూ గదమాయిస్తూనే ఉంది. కిరసనాయిలు గుడ్డతో గంటసేపు తుడిచారు. స్ప్రింగులు బాగానే ఉన్నాయి. మళ్ళీ బిగించేసరికి రేనో నడుము పట్టేసింది.

“కొత్త నూనె వెయ్యొద్దా?” అన్నాడు.

“చలికి మళ్ళీ గడ్డకడుతుంది. పొడిగా ఉండనీ.”

మళ్ళీ గుంటకి నడిచారు. ఈసారి ఐదూ వరసగా పేలాయి. ఖాళీ తొడుగులు టపటపా కుడిపక్క మంచులో పడ్డాయి. కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గర్నుంచి కదలాల్సిన పనే రాలేదు. పళ్ళానికి మూడు చిల్లులు, పెట్టెకి రెండు.

“ఎన్ని తగిలాయి?”

“మూడు.”

“జింక పళ్ళెం కంటే పెద్దదే” అందామె. ఇంట్లోకొచ్చాక డబ్బు తీసుకుని, తుపాకిని ఒక పాత దుప్పట్లో చుట్టి ఇచ్చింది. ఇచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు కోటు జేబులు వెతుక్కుంది. రేనో మూట చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

నవంబరు పదిహేనున, జింకలవేట మొదలయ్యే రోజు, తెల్లవారకముందే అడవికి వెళ్ళి, నరికిన దేవదారు మొద్దుమీద మధ్యాహ్నం దాకా కూచున్నాడు. కాళ్ళు మొద్దుబారాయి. ఇంటికి పోదామని రెండుసార్లు అనుకున్నాడు; లేవడానికి కూడా బద్ధకమేసి అలాగే ఉండిపోయాడు. అప్పుడు పొదల్లోంచి మగజింక ఒకటి బయటికొచ్చింది. మొదటి దెబ్బ తప్పింది. జింక ఉలిక్కిపడి పక్కకి గెంతి ఆగింది. రెండోదానికి పడింది.

రోడ్డు అరమైలు. ఒంటిచేత్తో కొమ్ము పట్టుకుని లాగాడు. ఇరవై అడుగులకోసారి మంచులో కూలబడ్డాడు. సంతోషమేస్తుందేమోనని చూశాడు. ఆయాసం తప్ప ఏమీ రాలేదు. రోడ్డు కనబడేసరికి పొద్దు వాలింది. చప్పుడు విని వచ్చిన పాత నేస్తాలు అక్కడ ట్రక్కు ఆపుకుని ఉన్నారు. వాళ్ళు చెయ్యందిస్తే కాదనలేదు. జింకని పైకెక్కించారు.

ఇంటికొచ్చాక ఇర్మా అతని బూట్లు లాగుతుంటే లెంపీకి ఫోన్ చేశాడు.

“రెండో తూటాకి పడిందండీ.”

“మొదటిదేమైంది?”

“తప్పిపోయింది.”

“ఎటు?”

“కుడికనుకుంటా.”

“ఊఁ. అది కాస్త కుడికే లాగుతుంది. చెప్పడం మర్చిపోయా” అందామె. వెంటనే అడిగింది, “ఎక్కడ కూచున్నావ్?”

అతను చెప్పడం మొదలుపెట్టాడు. మొద్దు ఎక్కడుందో, గాలి ఎటుందో, జింక ఏవైపునుంచి వచ్చిందో ఆమె ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. కళ్ళు మూతలు పడుతున్నా రేనో జవాబు చెబుతూనే ఉన్నాడు.