పైజామా పుంజు

విడవలూరు హజరత్తయ్య పొద్దున లేవగానే కండువాతో గోడమీది పటం తుడిచేవాడు. దొరలు బంగళా ఖాళీ చేసి పోయిననాడు వేలంలో కొన్న పాతకాలపు సీమపుంజు బొమ్మ అది. కాళ్ళకు పైజామా తొడిగినట్టు గోళ్ళదాకా ఈకలే. దాన్ని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. అతని సొంత పుంజు మాత్రం ఏ పుంజు ఎదురైనా గడ్డివాములో దూరేది. ఆ ఆదివారం "ఈ పిరికిదాన్ని కోసి కూరొండేస్తా" అని భార్య ఆదిశేషమ్మ కత్తిపీట వాల్చింది. గోడకు సున్నం కొట్టాలని దించిన పటం అరుగుమీద ఆనించి ఉంది. పుంజు ఆ బొమ్మను చూసింది. మెడ ఈకలు నిక్కించి, ఎగిరి తన్నింది. అద్దం భళ్ళున పగిలి, బొమ్మ నడిమికి చీలింది. ఆదిశేషమ్మ కత్తిపీట వదిలేసి మొగుడి మొహంకేసి చూసింది. హజరత్తయ్య మీసం దువ్వి, వీధంతా వినబడేలా అరిచాడు: "చూసినావామే! మన పుంజు దొరల పుంజునే చించేసింది! ఈ పూటకి పప్పు చెయ్యి!"