చాల్లే మేస్త్రి గురి

మా మావయ్యగారికి బజారులో ‘చాల్లే మేస్త్రి’ అని పేరు. తుపాకులు బాగుచేసే మనిషి. స్క్రూ బిగించేటప్పుడు దానికే చెబుతున్నట్టు ‘చాల్లే, చాల్లే’ అంటూ ఉంటారు. అతిగా బిగిస్తే గురిచూసే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. వదులుగా ఉంటే పేలిన ప్రతిసారీ కదులుతుంది. అత్తయ్య కోపం మీద మాత్రం ఈ మంత్రం ఇంతవరకూ పారలేదు.

నేను ఆయన కోడలిని. నా కొత్త రైఫిల్‌కి స్కోప్ బిగించే పని ఇంకొకరికి ఇస్తే ఇంట్లో నా కంచం తీసేసేవారే. మర్నాడే షూటింగ్ జట్టు ఎంపిక. ఉన్నది ఒక్క ఖాళీ. ఇన్నాళ్ళూ క్లబ్బువాళ్ళ పాత రైఫిల్‌తో కాలం గడిపాను. ఈసారి సొంతదానితో కాల్చి ఆ చోటు కొట్టెయ్యాలని నా ఆరాటం.

ఎంపిక ముందురోజు పొద్దున్నే దుకాణంలో పని మొదలైంది. రింగుల్లో స్కోప్ కూర్చోబెట్టి, నన్ను కళ్ళు మూసుకుని రైఫిల్ చెక్క మీద చెంప ఆనించమన్నారు.

“ఇప్పుడు తెరువు. గుండ్రం మొత్తం కనిపిస్తోందా?”

“అంచున నల్లగా ఉంది మావయ్యా.”

వెంట్రుకవాసి వెనక్కి జరిపారు. ఎదురుగోడకి దారంతో బరువు వేలాడదీసి, స్కోప్‌లోని నిలువుగీత ఆ దారం మీద పడిందో లేదో నన్నే చూసి చెప్పమన్నారు. ఆ తర్వాత స్క్రూలు. ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, కొంచెం కొంచెంగా బిగించారు.

మధ్యాహ్నం కారులో షూటింగ్ రేంజికి బయల్దేరాం, ఎప్పట్లా మావయ్యగారే నడిపారు. టీ ఫ్లాస్కుతో అత్తయ్య కూడా తయారైంది. మావయ్యగారికి ఒక పట్టుదల ఉంది. తన చేత్తో కాల్చి, మూడు తూటాలూ గురికాగితం మధ్య నల్లచుక్కలో పడేదాకా ఏ తుపాకినీ సొంతదారు చేతికివ్వరు. కోడలైనా సరే.

ఇసుకమూట మీద రైఫిల్ ఆనించి, స్కోప్ అద్దం తన చూపుకి సరిపడేలా తిప్పుకుని మూడు కాల్చారు. కాగితం తెచ్చి చూస్తే ఒకటి పైన, ఒకటి పక్కన. మూడోది ఎక్కడుందో దానికే తెలియాలి.

“ఏమండీ, తలో దిక్కూ పోయాయేంటి?” అంది అత్తయ్య.

“స్టూలు ఊగుతోందే.”

స్టూలు మార్చాం. తర్వాత గాలి మీద పడ్డారు. ఆ తర్వాత తూటాల మీద. చివరికి తన స్క్రూల మీదే అనుమానం వచ్చి ఒక్కోటీ తడిమి చూశారు. ఏదీ కదల్లేదు. కాగితాలు జల్లెడలయ్యాయి. రేంజి మూసే వేళ దగ్గరపడింది. నాకు ఒకటే కంగారు.

“మావయ్యా, ఒక్కసారి నన్ను కాల్చనివ్వండి.”

“నా పని కాకుండా ఇవ్వను. ఇదేమన్నా కూరగాయల బేరమా?”

మళ్ళీ వంగారు. ఈసారి ఎంతసేపటికీ ట్రిగ్గర్ నొక్కలేదు. తలెత్తి కళ్ళు నులుముకున్నారు.

“అమ్మాయ్, ఆ నల్లచుక్క నీకు ఒక్కటే కనిపిస్తోందా?”

“ఒక్కటే మావయ్యా” అన్నాను.

ఆయన లేచి నాకు చోటిచ్చారు.

అద్దం నా కంటికి సరిచేసుకుని మూడు కాల్చాను. కిందగా, ఎడమవైపు, మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసి, మావయ్యగారు గెంతినంత పని చేశారు.

“చూశావా! నా బిగింపులో లోపం లేదు!”

స్కోప్ మీద గురి సరిచేసే బిళ్ళలు పైకోసారి, కుడికోసారి టక్కు టక్కుమని తిప్పారు. ఆ లెక్క ఆయన వేళ్ళకి తెలుసు. తర్వాతి మూడు తూటాలూ నల్లచుక్కలో దిగాయి. అత్తయ్య చప్పట్లు కొట్టింది. రేపటి మీద నాకు ధైర్యం వచ్చింది.

కారు దగ్గర ఆయన తాళం నా చేతిలో పెట్టి పక్కసీటు వైపు నడిచారు.

“అదేంటండీ, ఎన్నడూ లేనిది!” అంది అత్తయ్య వెనక కూర్చుంటూ.

“వచ్చేటప్పుడు ప్రతి లారీ రెండుగా కనిపించిందే. ఇది ఇవాళ్టిది కాదు. అమ్మాయి పోటీ అయ్యేదాకా ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నా.”

ఇక దులిపేస్తుందనుకున్నాను. అత్తయ్య మాత్రం వెనక నుంచి చెయ్యి చాపి ఆయన భుజం పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.