మంచునీళ్ల చేపల పాఠం

మా ఆయన ఆకివీడులో ఐసు ప్లాంటులో పనిచేసేవారు. కొల్లేటి చెరువుల నుంచి వచ్చే చేపల లారీలకి ఐసు దిమ్మలు అందించడం ఆయన పని. రోహిణి కార్తెలో గోనెసంచి కప్పుకుని వణికే మగాడు జిల్లా మొత్తానికి మీరొక్కరేనండీ అని ఏడిపించేదాన్ని.

అక్కడో కట్టుబాటు ఉండేది. ఐసు గదిలోంచి వచ్చినవాళ్లు వెంటనే ఎండలోకి దిగకూడదు. వరండా బల్ల మీద కాసేపు కూర్చుని, ఒళ్లు మామూలయ్యాకే గేటు దాటాలి. ఆగనివాళ్లని తిట్టి మరీ కూర్చోబెట్టేది మా ఆయనే.

"చేపపిల్లల సంచినైనా కాసేపు చెరువులో తేలేసి, ఆ నీళ్ల వేడికి అలవాటు పడ్డాక గానీ విప్పం కదరా! మనిషివి, నీకేం తొందర?" అనేవారు.

రెండువేల మూడో సంవత్సరం ఎండల్లో, వట్లూరు కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా నాకు ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పాలని బస్సు దిగి నేరుగా ప్లాంటుకే వెళ్లాను. గేటు బయట నన్ను చూసి, అప్పుడే ఐసు గదిలోంచి వచ్చిన మా ఆయన, ఎవరిదో గొడుగు లాక్కుని పరుగెత్తుకొచ్చారు.

"మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడతావేంటే, బుద్ధుందా?"

"ఏవండీ, ఉద్యోగం వచ్చిందండీ" అన్నాను. గొడుగు నా చేతిలో పెట్టి, అక్కడే కూలిపోయారు. విన్నారో లేదో తెలియదు. డాక్టరు గుండె అన్నారు. ప్లాంటువాళ్లు ఎండదెబ్బ అన్నారు. నాకు మాత్రం ఆయన మీదే కోపం. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టు, ఆ పూట ఆ బల్ల మీద కూర్చోవద్దూ?

ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని మా అత్తగారే నన్ను కాలేజీకి పంపారు. ఒకరోజు ధ్రువ సముద్రాల చేపల గురించి చెబుతున్నాను. నీళ్లు సున్నా కంటే చల్లబడినా వాటి నెత్తురు గడ్డకట్టదు. ఆ చలి తప్ప మరొకటి ఎరగని చేపల్లో కూడా కొన్ని, నీటిని వారాల తరబడి కొద్దికొద్దిగా వేడిచేస్తే, నాలుగైదు డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. తిన్నది ఒంటికి పట్టకపోయినా బతుకుతాయి.

"ఒక్కసారే వేడి తగిలితేనోనండీ మేడమ్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"చచ్చిపోతాయమ్మా" అన్నాను.

ఆయన పోయారని చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ నాకు బదులుగా వేరేవాళ్లే చెప్పారు. చావు అన్న మాట నా నోట రావడం అదే మొదటిసారి. పిల్లలందరూ చూస్తుండగా బల్ల పట్టుకుని ఏడ్చేశాను.