మేస్త్రి భుజం

మేస్త్రికి అడ్డం తిరిగింది గొంతు కాదు, ఊపిరి. గొంతు చివరిదాకా బాగానే ఉండింది. మంగళవారం పొద్దున నంద్యాల ఆసుపత్రిలో మా మేస్త్రి చనిపోయాడు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కిన మేస్త్రి, ఆదివారం సాయంత్రాలు గిటారు పట్టుకుని మీకు పాడిన మేస్త్రి ఒకరే. ఆయన పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే వాయించేవాణ్ణి నేను. మా పాటలకు వచ్చేవాళ్ళంతా ఈ వాట్సాప్ గ్రూపులో ఉన్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. నిలబడి మాట్లాడడం నాకు చేతకాదు. ఎనిమిదిలో బడి మానేశాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

రెండేళ్ళ కిందట ఆయన దగ్గర విగ్రహాలకు పాలిషు పట్టే పనిలో చేరాను. ఒకరోజు అన్నం తిన్నాక, విగ్రహాలను లారీకెక్కించేటప్పుడు పెట్టే పెద్ద చెక్కపెట్టె మీద కూర్చుని వేళ్ళతో కొడుతున్నాను. తల ఎత్తితే ఎదురుగా మేస్త్రి. చేతులు లాక్కున్నాను.

"ఏందిరా ఆ కొట్టుడు?"

"ఏం లేదు మేస్త్రీ."

"ఏం లేకుండానే నా చెవులకు ఇనపడిందా? కొట్టు."

కొట్టాను. ఆయన లోపలికి పోయి గిటారు తెచ్చాడు. చిన్నప్పుడు బేతంచెర్లలో నాపరాళ్ళ పనిచేస్తూ, చర్చిలో వాయించే ఒక స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాడట. పాటలు మాత్రం సొంతవి. వారం తిరిగేలోపు ఆ పెట్టె చెక్కలే కోయించి, నేను కూర్చుని వాయించుకునేంత పెట్టె చేయించాడు. వెనక ఒక రంధ్రం పెట్టించాడు. అంతే, ఇద్దరం. ఒక గిటారు, ఒక పెట్టె.

నంద్యాలలో పరుపులు కుట్టే భాయ్ మాకు పాడుకోవడానికి తన కొట్టు పైన గది ఇచ్చాడు. మీరంతా చుట్టిపెట్టిన పరుపుల మీద కూర్చునేవాళ్ళు. మొదటి ఆదివారం మిమ్మల్ని చూసి పెట్టె మీద చెయ్యి వేయలేకపోయాను. మేస్త్రి చెవిలో చెప్పాడు: "జనాన్ని జూడాకు. నా బుజం జూడు." ఆ రోజునుంచి నేను చూసింది ఆ కుడి భుజం ఒక్కటే. మీలో చాలామంది ముఖాలు నాకు ఇప్పటికీ తెలియవు.

ఎవరో మైకు తెస్తే ఒప్పుకోలేదు. "ఎత్తుకపో అప్పా. మైకు పెడితే జనం మాట్లాడుకుంటారు. లేకుంటే నోరు మూసుకోని ఇంటారు" అన్నాడు. నిజమే. ఆ గదిలో ఎవరి గాజులు కదిలినా వినపడేది.

పోయిన ఎండాకాలం మేస్త్రికి దగ్గు మొదలయింది. పాపం భాయ్ తన దూది వల్లే అనుకుని ఆదివారాలు దూది ఏకడం మానేశాడు.

"నా దూదే నిన్ను సంపుతాండాదేమో మేస్త్రీ."

"పో భాయ్, నీ దూదికి అంత బలం యాడిది?"

దూది కాదని ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్ళ రాతిదుమ్ము. రాయి కోసే గ్రైండరు వదిలేయమని డాక్టరు చెప్పాడు. మేస్త్రి వినలేదు. అక్క, అంటే మేస్త్రి భార్య, ఆయన పనికి పోతుంటే వాకిట్లోనే పట్టుకుంది. నేను అక్కడే ఉన్నాను.

"ఇంట్లో కూచోని ఏం జేయాలమే? గోడలు జూడాల్నా?"

"సరే, పో. ఏ పొద్దు పాట మద్యలో ఊపిరి సాలక ఆగిపోతావో, ఆ పొద్దు గ్రైండరు పక్కన పెట్టాల. ఒట్టెయ్."

ఆయన నవ్వుతూ అక్క తలమీద చెయ్యి పెట్టాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం అక్క నేను ఫోన్లో రికార్డు చేసిన ఆదివారం పాటలు పెట్టించుకుని వినేది. చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని. అక్కకు అదే డాక్టరు రిపోర్టు.

కుందూ పాట, అదే మన ఏటి పాట, మీకు గుర్తుండే ఉంటుంది. "కుందూ నీళ్ళు యాడికి బాయెనో" అని ఒక్క ఊపిరిలో సాగదీయాలి. ఒక ఆదివారం ఆ సాగదీతలో భుజం పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. గొంతు తెగబోతోంది. నా చేతులు వాటంతట అవే రెండు దెబ్బలు వేశాయి. ఆ రెండు దెబ్బల్లో ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాడు. మీరు చప్పట్లు కొట్టారు.

 ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాక మేస్త్రి అడిగాడు.

"జూసినావా?"

"జూసినా మేస్త్రీ."

"ఎవురికైనా తెల్సిందా?"

"తెల్లేదు."

"ఇట్లే కొడతాండు. ఆ నంది మొకం ఒక్కటి అయిపోనీ, నేనే జెప్తా మీ అక్కకు."

సోమవారం అక్క పాట విని, "బాగనే పాడినాడు గదరా?" అంది. నేను తల ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను.

నంది ముఖం అయిపోయింది. ఇంకో విగ్రహం మొదలుపెట్టాడు. రెండు దెబ్బలు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. భుజం ఎంతసేపు పైన ఉంటే అంతసేపు కొట్టడం నేర్చుకున్నాను. ఆ భుజం దిగుతుంటే పాట ఎక్కడ అందుకుంటాడో ఆయనకన్నా ముందు నాకు తెలిసేది. మీలో ఒకాయన మెట్లమీద ఆపి, "ఆ మద్యలో ఆపేది భలే ఉందబ్బా, కొత్త స్టైలా?" అని అడిగాడు. ఇంకొకాయన నన్ను చూసి, "పాట తగ్గె, పెట్టె ఎక్కువాయె. పిల్లోనికి కొవ్వెక్కినట్టుండాదే!" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. "వానికి సిగ్గు బాయెలే అన్నా, అంతే" అన్నాడు. నవ్వు దగ్గుగా మారకుండా గోడ పట్టుకున్నాడు. నేను తల వంచుకుని గిటారుకు గుడ్డ చుట్టాను.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు లోపల సంతోషంగా కూడా ఉండేది. ఇంత బాగా నేను ఎప్పుడూ వాయించలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు అన్నం దిగడం లేదు.

చివరి ఆదివారం పదహారు దెబ్బలు కొట్టాను. పది రోజులకు ఆసుపత్రి. ముక్కుకు గొట్టం పెట్టి ఉంటే నా చెయ్యి తీసుకుని తన కుడి భుజం మీద పెట్టుకున్నాడు. అది లేస్తోంది, దిగుతోంది. కొట్టడానికి అక్కడ ఏమీ లేదు.

నిన్న అక్క మా ఇంటికి వచ్చింది. చివరి ఆదివారం పాడిన కుందూ పాట తన ఫోన్లోకి ఎక్కించుకుని ఉంది. పెట్టింది, సాగదీత దగ్గర ఆపింది, వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది.

"ఈడ ఏందిరా ఇది? ఇంతసేపు నువ్వే కొడతాండావ్. ఆయన యాడికి బాయె?"

నీళ్ళు తెస్తానని నేను లోపలికి పోయాను. అక్క ఇంకోసారి అడగలేదు. ఫోను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగు మంచి మాటలు రాద్దామని మొదలుపెట్టి ఇదంతా రాశాను. అక్క కూడా ఈ గ్రూపులో ఉంది. చదువుతుంది.

రేపు ఆదివారం. భాయ్ గది తెరిచి ఉంచుతానన్నాడు, ఊరికే కూర్చుందాం రమ్మన్నాడు. పెట్టె తీసుకురావాలా వద్దా తెలియక పొద్దున ఎండలో పెట్టి ఒక్క దెబ్బ కొట్టి చూశాను. చెక్కల సందుల్లోంచి తెల్లగా రాతిపొడి లేచింది. చాలాసేపు గాలిలోనే ఉంది, కింద పడలేదు.

నేను ఆయన భుజమే చూశాను. మీరు ఆయన ముఖం చూస్తూ కూర్చున్నారు. నేను అంత బాగా దాచానా, లేక మీలో ఎవరైనా తెలిసి కూడా చప్పట్లు కొట్టారా?