ఎర్ర పట్టీకి నీలం దారం

మా పిన్ని గొడుగులు బాగుచేసేది. రేవు గేటుకి ఎదురుగా, రోడ్డు దాటి రెండు మెట్లెక్కితే ఆవిడ కొట్టు. లోపల ఒకరు కూర్చుంటే రెండోవాళ్ళు నిలబడాల్సిందే, అంత జాగా. గోడ నిండా ఊచలు, చెక్క పిడులు, రంగురంగుల దారం రీళ్ళు. ఊళ్ళో అందరికీ ఆవిడ గొడుగుల పిన్నే. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అని పిలుస్తుంటే మొదట్లో మండిపడేది. "నా అక్క వయసుంది నీకు, నేను నీకు పిన్నినా?" అని దులిపేసేది. తర్వాత ఎంతమందినని దులుపుతుంది, ఊరుకుంది.

నేను గ్రంథాలయంలో గుమస్తాగా ఉన్న రోజులవి. సెలవు రోజున పుస్తకం పట్టుకుని వెళ్ళి ఆవిడ కొట్టు మెట్టు మీద నీడలో కూర్చునేవాణ్ణి. "ఇంట్లో కుర్చీ లేదట్రా?" అనేది కానీ, నేను వెళ్ళకపోతే మర్నాడు కబురు పంపేది.

మా రేవుకి విహారయాత్రల ఓడలు వచ్చేవి. పొద్దున్న వచ్చి సాయంత్రానికల్లా వెళ్ళిపోయేవి. దిగినవాళ్ళలో చాలామంది ఓడవాళ్ళు పెట్టిన బస్సుల్లో గుంపుగా వెళ్ళి, గుంపుగా వచ్చి, గుంపుగా ఎక్కేవాళ్ళు. కొందరు మాత్రం ఒంటరిగా గేటు బయటికి వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక ఎండలో కళ్ళు చికిలించుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళకి మొదట కనబడేది పిన్ని కొట్టే. రెండోది, టాక్సీ బానెట్ మీద కూర్చుని కాళ్ళూపుతుండే హారన్. అతని అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. రోడ్డు మీద కుక్క కూడా లేకపోయినా హారన్ కొడతాడని ఆ పేరు.

పిన్నికీ హారన్‌కీ మధ్య ఎప్పుడూ ఉప్పూ నిప్పే. అతను "రండి, ఊరంతా తిప్పి చూపిస్తా" అనేలోపల పిన్ని కత్తెర పక్కన పెట్టి లేచేది.

"కాళ్ళు బాగానే ఉన్నాయిగా? నడవండి. నడిస్తేనే ఊరు. పాస్‌పోర్టు ఓడలోనే ఉంచారా? మంచిది, దాని నకలు చాలు. ఓడ కార్డు లోపలి జేబులో పెట్టుకోండి. రేవు ఆఫీసు నంబరు కాగితం మీద రాసుకోండి, ఫోన్ని నమ్మకండి, అది సరిగ్గా కావాల్సిన వేళకే చస్తుంది. మలుపు తిరిగిన ప్రతిచోటా ఒకసారి వెనక్కి చూడండి. తిరిగొచ్చేటప్పుడు మీకు కనబడే ఊరు అదే. ఎవరైనా రమ్మని చెయ్యి పట్టుకుంటే, వద్దు అని గట్టిగా అనండి, నవ్వుతూ అనకండి."

ఇంత చెప్పి, ఒక దారప్పోగు తెంచి వాళ్ళ సంచి పట్టీకి ముడివేసేది. అదీ ఆవిడ పద్ధతి. ఆ రోజు ఏ ఓడకి ఏ రంగో, ఆ ఓడవాళ్ళు ఎన్నింటికి గేటు దగ్గరుండాలో పొద్దున్నే టీ కొట్టు ఆయనకి చెప్పేది. ఆయన పాలవాడికి చెప్పేవాడు. తొమ్మిదయ్యేసరికి ఊరంతా తెలిసిపోయేది. ఎక్కడ ఎవరు తిరుగుతున్నా పట్టీకున్న దారం చూసి, "ఇక బయల్దేరండి, మీకు వేళవుతోంది" అని మావాళ్ళు పంపించేవాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఒక్కరికి కూడా ఓడ తప్పిపోలేదని పిన్నికి మహా గర్వం. ఆ గర్వం నాకూ కొంచెం ఉండేది, నేను చేసిందేమీ లేకపోయినా.

ఆ రోజు రెండు ఓడలు వచ్చాయి. తెల్ల ఓడ నాలుగింటికి వెళ్ళిపోతుంది, దానివాళ్ళు మూడున్నరకల్లా గేటు దగ్గరుండాలి. వాళ్ళకి ఎర్ర దారం. పెద్ద ఓడవాళ్ళకి ఆరున్నర దాకా సమయముంది. వాళ్ళకి నీలం.

పదింటికి తెల్ల ఓడ నుంచి ఒకావిడ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. భుజానికి ఎర్ర పట్టీ సంచి. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికించే విభాగం ముప్పై ఏళ్ళు చూసిందట. నలభై మంది చేత పని చేయించిన మనిషి గేటు బయట బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"ఒక్కరే వచ్చారా?" అంది పిన్ని.

"అన్నయ్యా వదినా ఓడలోనే ఉన్నారండీ. బస్సులో తప్ప దిగొద్దంటాడు అన్నయ్య. రాత్రి నుంచీ ఒకటే గొడవ. చివరికి, ఈ ఒక్క ఊరూ వెళ్ళు, ఆలస్యమైందో, ఇంక ఈ ప్రయాణంలో నువ్వు ఓడ దిగే మాట ఎత్తకు అన్నాడు."

"ఇంకా ఎన్ని ఊళ్ళున్నాయి?"

"ఆరు."

"ఆరు ఊళ్ళే! అయితే ఈ ఊళ్ళో మీరు తప్పిపోవడానికి వీల్లేదు," అని పిన్ని ఎర్ర దారం రీలు అందుకుంది. ఎర్ర పట్టీ పక్కన పెట్టి చూసింది. కనబడలేదు. గొడుగు పని చేసే చెయ్యి కదా, గుడ్డలో కలిసిపోయే దారం వాడటమే దానికి అలవాటు, కానీ ఇది కనబడాల్సిన దారం. అందుకని నీలం తెంచి ముడివేసింది. "మీ పట్టీకి ఎరుపు ఆనదు. మీది నీలమైనా లెక్క మూడున్నరే, టీ కొట్టాయనకి చెప్తాను," అంది.

చెప్పేదే. కానీ సరిగ్గా అప్పుడే హారన్ వచ్చి, "మేడమ్, కొండ మీది వీధులకి కాలినడకనా? మోకాళ్ళు మీవా, అద్దెవా?" అన్నాడు. పిన్నికి చిర్రెత్తుకొచ్చింది. ఇద్దరూ పావుగంట మాటలనుకున్నారు. ఆ పావుగంటలో ఎర్ర పట్టీ ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది, టీ కొట్టాయనకి చెప్పాల్సిన మాటా దాంతోపాటే పోయింది.

రెండు ముప్పావుకి హారన్ టాక్సీ ఆపి, అలవాటుగా రెండుసార్లు మోగించి, తల బయటికి పెట్టాడు.

"పిన్నీ, నీ ఎర్ర పట్టీ ఆవిడ పటాలు కట్టే ఆయన కొట్లో ఉందట. కొండ దిగొచ్చిన పాలవాడు చెప్పాడు. మూడున్నరకి వెళ్ళాలి అని ఆవిడ లేచిందట. లేస్తే, అమ్మా మీది నీలం, మీకు ఆరున్నర దాకా ఫరవాలేదు అని మనవాళ్ళు కూచోబెట్టారట. మళ్ళీ లేచిందట. మళ్ళీ కూచోబెట్టారట. మనవాళ్ళ మర్యాద నీకు తెలుసుగా."

పిన్ని చేతిలో గొడుగు సగం విప్పి ఉంది. అలాగే కింద పెట్టేసింది.

"చెప్పలేదురా," అంది నాతో. "టీ కొట్టాయనకి చెప్పలేదు."

పటాల కొట్టులో ఫోన్ లేదు. కొండ మీదికి నడిస్తే అరగంట. పిన్ని టాక్సీ వైపు చూసింది. హారన్ పిన్ని వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ టాక్సీ ఎక్కొద్దని ఊరంతటికీ చెప్పిన మనిషి తలుపు తీసుకుని కూర్చుంది. నేను వెనక ఎక్కాను.

"ఒక్క మాటన్నావంటే దూకేస్తాను," అంది పిన్ని.

హారన్ ఏమీ అనలేదు. హారన్ మాత్రం కొట్టాడు.

కొండ మొదట్లో కారు ఆగిపోవాలి, ఆ పైన మెట్లే. పిన్ని పూలకుండీల మెట్లవైపు పరుగు తీసింది. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పే అడ్డదారి అదే, పది నిమిషాలు కలిసొస్తుందని. సగం ఎక్కేసరికి ఎదురుగా నిలువెత్తు గోడ. గోడ కొత్తది కూడా కాదు, దాని మీద నాచు పట్టింది.

పక్క కిటికీలో బట్టలారేస్తున్న ముసలాయన, "రెండేళ్ళయిందమ్మా కట్టి," అన్నాడు. "ఎవరో గేటు దగ్గర ఈ దారి చెప్తున్నారట, రోజూ నలుగురొచ్చి గోడ చూసి వెళ్తున్నారు. ఎవరో ఏమో, కనబడితే కాస్త చెప్పండి."

"చెప్తాను," అంది పిన్ని.

మేము వెనక్కి దిగి, చుట్టూ తిరిగి, రొప్పుతూ పటాల కొట్టు చేరేసరికి మూడూ పది. ఎర్ర పట్టీ ఆవిడ ఎత్తుపీట మీద కూర్చుని, ఒక పెద్ద అద్దం చట్రం మూలని రెండు చేతులా బిగించి పట్టుకుని ఉంది. ఎదుటి మూల పటాలాయన పట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది ఆవిడకి.

"లేవండి, లేవండి! మూడున్నరే మీది!" అంది పిన్ని గుమ్మంలోంచే.

"నేను అదే అన్నానండీ! రెండుసార్లన్నాను!" అందావిడ. లేవబోయి ఆగిపోయింది. "అయ్యో, వదిలితే మూల ఊడిపోతుంది. జిగురు ఆరలేదు."

"గొడుగుల పిన్ని దారం తప్పుతుందని నేను కలగన్నానా?" అని పటాలాయన లబలబలాడాడు. "నీలమంటే ఆరున్నరని పొద్దున్నే మీరేగా కబురు పంపారు!"

"తర్వాత తిట్టు, ఇప్పుడు పట్టుకో," అని పిన్ని నన్ను ముందుకి తోసింది. నేను ఆ చట్రం మూల పట్టుకోబోతుంటే, పటాలాయన తన నడుం బెల్టు విప్పి చట్రం చుట్టూ బిగించాడు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో మాకు దగ్గరి దారి చూపించాడు. మేము కిందికి పరిగెత్తాం. ఎర్ర పట్టీ ఆవిడ మా ఇద్దరికంటే ముందు ఉంది. దుప్పట్ల మూటలు మోసిన కాళ్ళు కాబోలు.

కింద కాచుకుని ఉన్న హారన్ టాక్సీలో గేటు చేరేసరికి మూడూ ఇరవై ఎనిమిది. గేటుకి అవతల ఒక పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అన్నయ్య అని ఎవరూ చెప్పక్కర్లేదు.

"చూశావా? నేను చెప్పానా లేదా?" అన్నాడు.

పిన్ని ఊపిరి కూడదీసుకుంది. ఎదురుగా టీ కొట్టాయన, పక్కన హారన్, గేటు కాపలావాళ్ళు, తిరిగొస్తున్న జనం, అందరూ వింటున్నారు. "తప్పు నాదండీ," అంది. "మీ చెల్లెలిది ఏం లేదు. దారం నేనే మార్చి కట్టాను, చెప్పాల్సినవాళ్ళకి చెప్పడం మరిచిపోయాను. ఆవిడ వేళకే లేచింది. మావాళ్ళే వెళ్ళనివ్వలేదు."

ఇరవై ఏళ్ళ గర్వాన్ని ఆవిడ అలా నడిరోడ్డు మీద దించేసింది.

అన్నయ్య కొంచెం మెత్తబడ్డాడు. "మీ మంచితనం మీరు చెప్తున్నారు. కానీ చూశారుగా, ఊరు తెలియనివాళ్ళు ఒంటరిగా..."

"ఊరు తెలియక కాదన్నయ్యా," అంది చెల్లెలు. "మూడున్నర అని నాకు తెలుసు. చేతికి గడియారం కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు కాదనేసరికి నా మాట నేనే వదిలేశాను. నీ దగ్గర వదిలేసి వదిలేసి అలవాటైంది. వచ్చే ఊళ్ళో వదలను."

"వచ్చే ఊళ్ళోనా?"

"ఎల్లుండి పొద్దున్నే కదా చేరేది. దిగుతాను."

"ముందు ఓడెక్కు. ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం."

"చూసేదేం లేదు. చెప్తున్నాను, అంతే."

ఆయన మళ్ళీ గడియారం చూసుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు, తీశాడు. "ఎన్నింటికి తిరిగొస్తావో కాగితం మీద రాసిచ్చి వెళ్ళు," అన్నాడు చివరికి. ఆ మాటకి మా హారన్ చప్పట్లు కొట్టబోయి, పిన్ని చూపు చూసి మానుకున్నాడు. చెల్లెలు పిన్ని రెండు చేతులూ ఒకసారి గట్టిగా పట్టుకుని, అన్నయ్య కంటే ముందు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పిన్ని కొట్టు మెట్టు మీద కూలబడింది. "నా టాక్సీ ఎలా ఉంది పిన్నీ?" అన్నాడు హారన్. "సీట్లో స్ప్రింగు గుచ్చుకుంటోంది," అంది. అతనూ వచ్చి ఆ మెట్టు మీదే ఆవిడ పక్కన కూర్చున్నాడు. వాళ్ళని అలా చూడటం నాకు అదే మొదలు.

మర్నాటి నుంచి దారం కట్టడం మానలేదు కానీ పద్ధతి మారింది. ముందు పిన్ని అడిగేది: "మీరు ఎన్నింటికి గేటు దగ్గరుండాలి? నేను చెప్పను, మీరే చెప్పండి." వాళ్ళు చెప్పాకే ముడి. ఊళ్ళోవాళ్ళకీ గట్టిగా చెప్పింది, దారం ఒకటి చెప్పి మనిషి ఇంకోటి చెప్తే మనిషి మాటే లెక్క అని.

ఓడలు లేని రోజుల్లో కొట్టు మూసి కొండెక్కడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళు అందరికీ దారులు చెప్పిందే కానీ, కొట్టూ ఇల్లూ తప్ప తను నడిచింది చాలా తక్కువ. ఏ వీధి ఎక్కడ తేలుతుందో, ఏ పంపులో నీళ్ళు వస్తున్నాయో, ఏ అరుగు మీద కూర్చోనిస్తారో తన కాళ్ళతో చూసి వచ్చేది. నన్ను తోడు రమ్మనలేదు. నేనొస్తానన్నా, "నువ్వు పుస్తకం చదువుకో, నాకు ఒక్కదాన్నే బాగుంది," అంది.

ఒకసారి చాలా ఆలస్యంగా వచ్చింది, చెప్పుల నిండా బురద. కొండ వెనక వీధుల్లో దారి తప్పిందట. ఎవరో ఇల్లాలు కిటికీలోంచి చూసి, "ఏ ఓడలో వచ్చారమ్మా?" అని అడిగిందట. ఈ ఊరిదాన్నే, ఇక్కడే పుట్టాను అంటే నమ్మలేదట. పాపం కంగారులో ఏదో అంటోందనుకుని, కిందికొచ్చి, మలుపు దాకా వెంట నడిచి, రేవు గేటుకి దారి చెప్పి పంపిందట.

"మరి నువ్వేమన్నావు పిన్నీ?" అన్నాను.

"ఏమంటాను? ఆ దారి నాకు తెలియదాయె. బుద్ధిగా విన్నాను," అంది, చెప్పులు కడుక్కుంటూ.