మరోడా గట్టు మీద మా బీచ్

మొన్న ఆదివారం భీమిలి బీచ్‌లో చాప పరిచి టిఫిన్ డబ్బా మూత తీశానో లేదో, మావారు పకపకా నవ్వారు. ఉన్నది ఇద్దరం, పులిహోర చూస్తే పదిమందికి సరిపడా ఉంది. ఆయన రిటైరై ఇక్కడికొచ్చి ఏడాదైనా నా చేతికింకా భిలాయి కొలతే అలవాటు.

తొంభైల్లో నేను పెళ్ళై భిలాయి వెళ్ళేనాటికి మా వీధిలో స్టీల్ ప్లాంటులో పనిచేసే తెలుగు కుటుంబాలు ఏడెనిమిది ఉండేవి, దాదాపు అందరూ విశాఖ, విజయనగరం వైపు వాళ్ళే. సముద్రం మీద బెంగ తీర్చుకోవడానికి ఆదివారం సాయంత్రం షిఫ్టు లేనివాళ్ళమంతా చాపలూ డబ్బాలూ పట్టుకుని మరోడా జలాశయం గట్టుకి చేరేవాళ్ళం. దానికి బీచ్ అని పేరు కూడా మేమే పెట్టుకున్నాం. షిఫ్టులో ఉన్నవాళ్ళ వాటా విడిగా కట్టి, తిరిగి వస్తూ వాళ్ళ గుమ్మంలో ఇచ్చి రావడం మా ఆనవాయితీ.

ఆ సభకి పెద్ద దిక్కు పక్క క్వార్టరు పిన్ని. భీమిలిలో పుట్టిన మనిషి కదా, మా నీళ్ళను చూసి పెదవి విరిచేది.

"ఇదేటి సముద్రమే! కెరటం నేదు, ఉప్పు నేదు. మీ బాబాయి రిటైరైతే ఒక్క పూటుండను."

అన్నంత పనీ చేసింది. క్వార్టరు అప్పగించిన వారంలోనే ఇద్దరూ భీమిలి వెళ్ళిపోయారు. భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో రైలెక్కించి వస్తుంటే నాకు కాస్త కుళ్ళుగా కూడా అనిపించింది, దాచుకోవడమెందుకు.

ఆరు నెలలకి పిన్ని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ అందరూ మమ్మల్ని భిలాయోళ్ళు అంటున్నారనీ, ఆదివారం డబ్బా కట్టుకుని ఒడ్డుకెళ్తే పంచుకునే మనిషే లేదనీ, భిలాయిలో క్వార్టర్ల బయట క్యాంప్ 2 బస్తీలో ఒక గది అద్దెకు చూస్తే వచ్చేస్తామనీ రాసింది. నాకు నవ్వొచ్చింది. సముద్రం పక్కనే ఉండి గట్టు కోసం ఏడవడమేమిటి, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకుని, చూస్తున్నాను పిన్నీ అని అబద్ధం రాశాను. ఒక్క తలుపూ తట్టలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు, రెండేళ్ళకి పోయింది.

మా వీధివాళ్ళు ఇప్పుడు తలో ఊళ్ళో ఉన్నారు. గట్టు మీద చాపలు పరిచేవాళ్ళే లేరని అక్కడ మిగిలినవాళ్ళు ఫోన్లో చెబుతుంటారు. ఇక్కడ కూరగాయలమ్మే ఆవిడకి నేను భిలాయమ్మని. మొన్న చీకటి పడేదాకా డబ్బాకి మూత పెట్టకుండా కూర్చున్నాను, ఎవరొస్తారని కూర్చున్నానో నాకే తెలియదు. పిన్ని కూడా ఈ ఇసుకలోనే ఎక్కడో కూర్చుని నా జవాబు కోసం చూసి ఉంటుంది. ఆవిడ అడిగింది ఒక్క గది. క్యాంప్ 2 మా క్వార్టరుకి సైకిలు మీద పావుగంట దూరం, నేను వెళ్ళలేదు.