క్యాంపులో కూర్చోబెట్టిన మనిషి

నా భార్య బుర్ర నా బుర్రకంటే పదునైనదని ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేసేవాళ్ళు తేల్చిన వారంలో నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. పులుసులో ఉప్పెక్కువైందన్నాను, ఎక్కువ కాలేదు. ఫ్యాను చప్పుడు చేస్తోందన్నాను, అది మా పెళ్ళినాటి నుంచీ చేస్తూనే ఉంది. కడుపుమంట అనేది మాటవరసకు అంటారనుకునేవాణ్ణి. కాదండీ, నిజంగానే మండుతుంది, పొట్ట పైభాగంలో, కాస్త ఎడమవైపు.

నేను కొడవలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఇల్లు మాత్రం సముద్రం ఒడ్డున, మా పల్లెలోనే. మా నాన్న సొంత పడవ మీద చేపల వేటకు పోయేవాడు. నా భార్య మా మేనత్త కూతురే, వాళ్ళదీ వేటే. మా పల్లెలో డిగ్రీలు చేసినవాళ్ళు ఇప్పుడు బోలెడుమంది ఉన్నా, ఇంగ్లీషులో తప్పు లేకుండా పేజీడు రాయగలవాణ్ణి నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం. సాయంత్రం బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, నేరుగా లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో ఆటలేందిరా అని అడిగీ అడిగీ మా అమ్మ విసిగిపోయి వదిలేసింది.

నేనాడేది తుపాకులతో టపటపా కాల్చుకునే ఆట కాదు. ఇందులో మనకొక జట్టు ఉంటుంది. కత్తి తిప్పేవాడు, విలుకాడు, మంత్రగత్తె, తాళాలు విప్పే దొంగ, గాయాలు మాన్పే వైద్యురాలు, ఇలా ఏడెనిమిది మంది. వాళ్ళను వెంటబెట్టుకుని అడవులూ గుహలూ తిరగాలి. అయితే ఒకసారికి నలుగురినే తీసుకెళ్ళగలం. మిగిలినవాళ్ళు క్యాంపులో మంట చుట్టూ కూర్చుని ఉంటారు. నెల వదిలేసినా, ఏడాది వదిలేసినా అలాగే కూర్చుని ఉంటారు. అవసరం పడి పిలిస్తే లేచి వస్తారు.

ఆమె అప్పట్లో రొయ్యపిల్లల హ్యాచరీలో పనికి పోయేది. ఆరింటికి ఇంటికొచ్చి, టీ పెట్టి, నాకో గ్లాసు ఇచ్చి, తనో గ్లాసు పట్టుకుని నా పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆట ఎలా ఆడాలో నేనెప్పుడూ నేర్పలేదు. చూసి చూసి నేర్చుకుంది. "ఆ ముసలోణ్ణి ముందుకు పంపబాక, సచ్చిపోతాడు" అనేది. నేను పంపేవాణ్ణి. వాడు చచ్చేవాడు. అప్పట్నుంచే నాలో ఏదో మూల కాస్త కాలుతూనే ఉండేదనుకుంటాను.

ఆ మధ్య, ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక చిన్న బృందం ఇలాంటిదే కొత్త ఆట తయారుచేస్తూ, ఆడేవాళ్ళంతా మాట్లాడుకునే ఒక ఫోరమ్‌లో ప్రశ్నలు పెట్టింది. జట్టులో ఎంతమంది ఉంటే బాగుంటుంది? చచ్చిపోయిన సహచరుడు మళ్ళీ లేవాలా వద్దా? మన బాణం మనవాడికే తగిలితే గాయమవ్వాలా? సహచరులకు మన మీద అభిమానం ఎలా పెరగాలి, ఎలా తరగాలి? అందరినీ రాయమన్నారు. నచ్చిన అభిప్రాయాలు రాసిన ఐదుగురిని ఎంచుకుంటారట. ఆట బయటికి రాకముందే వాళ్ళ చేతికిచ్చి, పూర్తయ్యేదాకా వాళ్ళ సలహా తీసుకుంటారట.

ఆ ఐదుగురిలో నేనుండాలి. అంతకంటే పెద్ద కోరిక ఆ రోజుల్లో నాకింకోటి లేదు. పదిహేనేళ్ళుగా ఆడుతున్నాను. ఇక బతుకులో నన్ను సలహా అడిగిన నాథుడు లేడు. స్కూల్లో కిటికీ తెరవాలన్నా కరస్పాండెంట్ గారి నోటివెంట రావాల్సిందే.

పదకొండు పేజీలు రాశాను. జట్టు నలుగురు కాదు, ఆరుగురు ఉండాలన్నాను. ఒకరి తర్వాత ఒకరు కొట్టే పద్ధతే మేలు, అందరూ ఒకేసారి మీదపడితే అది సంత అవుతుందన్నాను. మన బాణం మనవాడికి తగలాలి, అప్పుడే గురి విలువ తెలుస్తుందన్నాను. సంచీ బరువు లెక్క తీసెయ్యమన్నాను, ఎందుకంటే రాజ్యాన్ని కాపాడబోయేవాడు చెప్పుల జత మోయలేక ఆగిపోవడం చూడ్డానికి బాగోదు. అభిమానం విషయంలో మాత్రం నాకు స్పష్టత ఉంది. ప్రతి సహచరుడి బొమ్మ పక్కనా నూటికి ఎంత అభిమానం ఉందో అంకె వెయ్యాలి, కానుక ఇస్తే పెరగాలి, అంతే. రాసింది రెండుసార్లు బయటికి చదివాను. నా ఇంగ్లీషుకు నాకే ముచ్చటేసింది.

ఆమె టీ గ్లాసులు తీస్తూ, "నేను గూడా రాయొచ్చా బావా?" అంది.

నవ్వాను. "ఏమ్మే, అది హ్యాచరీలో అర్జీ అనుకున్నావా? ఇంగ్లీషులో రాయాలి."

"నేను చెప్తా, నువ్వు రాయి."

మనిషికొక ఫారమ్ అన్నారు కాబట్టి ఆమె పేరున ఈమెయిల్ కూడా నేనే తెరిచి, ఆమె ఫోన్లో కూడా పెట్టిచ్చాను. పుణ్యం వస్తుందనుకున్నాను. ఆమె చెప్పింది పావు పేజీ కూడా లేదు.

మా పల్లెలో ఒక పద్ధతుంది. పడవ మీద నలుగురైదుగురు పనిచేస్తారు. వాళ్ళ సద్దిగిన్నెలు పడవ యజమాని ఇంటి పంచలో వరసగా బోర్లించి ఉంటాయి. తెల్లారి ఎవరి గిన్నె వాళ్ళు తీసుకుని పడవెక్కుతారు. ఎవరికైనా ఆ పడవ మానుకోవాలనిపిస్తే గొడవపడడు, నోరెత్తడు. సాయంత్రం తన గిన్నె ఇంటికి తీసుకెళ్ళిపోతాడు. ఖాళీ చూసిన యజమాని అప్పుడే లేచి వాడింటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఏం తక్కువైందిరా అని అడిగితే వాడు తిరిగి రావచ్చు. చూడకపోతే తెల్లారేసరికి వాడు ఇంకో పడవ మీద ఉంటాడు.

ఆమె చెప్పింది అదే. "ఆ క్యాంపులో కూర్చోబెట్టినోళ్ళు ఉంటారే, వాళ్ళని ఎవురూ పలకరించకపోతే వెళ్ళిపోవాల. అరవకూడదు, ఏడవకూడదు, అంకె గింకె చూపించకూడదు. మంటకాడ వాళ్ళ గిన్నె ఉండకూడదు, అంతే. చూసుకున్నోడు ఎనకాలపడి పోయి అడిగితే రావాల. చూసుకోనోడికి ఇంక రాకూడదు." నేను ఇంగ్లీషులో పెట్టాను. పద్ధతి గురించి రెండు వాక్యాలు కలిపాను. చాలా చిన్నపిల్లల కబురులా ఉందనిపించింది. పంపేశాను.

మూడు వారాలకు ఫోరమ్ తెరిస్తే, తయారుచేసేవాళ్ళు ఆ పావు పేజీని పైన పెట్టి, ఇన్నేళ్ళలో ఇది మాకు తట్టలేదని రాసుకున్నారు. కింద ఎక్కడెక్కడివాళ్ళో పొగడ్తలు. ఆ గిన్నె కనపడకపోవడం తలచుకుంటే గుండె జారిందని ఒకడు. ఈ అక్క ఎవరోగానీ దండం పెడుతున్నానని మనవాడే ఒకడు, తెలుగులోనే. నా పదకొండు పేజీల కింద ఒకే ఒక జవాబుంది: పూర్తిగా చదవలేదు గానీ బాగానే ఉండొచ్చు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సద్దిగిన్నెలు నేను చూడలేదా? మా పంచలోనే ఐదు గిన్నెలుండేవి. వాటి మధ్యనే నేను పాకాను, నడిచాను, ఎక్కాలు బట్టీపట్టాను. ఒకసారి మా నాన్న ఖాళీ చూసి అన్నం ముందునుంచి లేచి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. అదంతా నా సొత్తు కూడా. మరి అది నాకెందుకు తట్టలేదు? ఆమెకెందుకు తట్టింది? పైగా ఆ ఇంగ్లీషు ఎవరిది? ఆ జనం 'ఎంత పొదుపైన మాటలు' అని మురిసిపోతున్నారే, ఆ పొదుపు ఎవరిది? ఆమె పదో తరగతిలో ఇంగ్లీషు రెండుసార్లు రాసిన మనిషి. ఛీ, నేను ఇలాంటి లెక్కలు వేస్తున్నానా అని కూడా అనిపించింది. అయినా వేస్తూనే ఉన్నాను.

ఫోరమ్ సంగతి చెప్పినప్పుడు ఆమె "అట్నా?" అని నవ్వి, బట్టలు తియ్యడానికి వెళ్ళింది. ఎగిరి గంతేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. ఆ పట్టనట్టుండటం చూసి ఇంకా రగిలిపోయాను.

ఆ సోమవారం ఆమె పేరున ఉన్న ఈమెయిల్‌కు వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఐదుగురిలో ఆమె ఒకరు. ఆదివారంలోగా సరేనని జవాబివ్వాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. స్కూల్లో మధ్యాహ్నం బెల్లు తర్వాత, స్టాఫ్‌రూమ్‌లో నా ఫోన్లో చదివాను. చదివి, పక్కకు తోసేసి, ఆ ఈమెయిల్ మళ్ళీ తెరవలేదు. ఆమెకు చెప్పలేదు. ఆ పూట ఏడో తరగతి పేపర్లు దిద్దుతూ అందరికీ మార్కులు కోసిపారేశాను. పాపం, వాళ్ళేం చేశారు?

వారమంతా చెప్పుకోలేని మంట. ఆ చోటు పోతే నాకు వస్తుందా? రాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆమెకు రాకుండా ఉంటే చాలనిపించింది. అంత నీచంగా ఆలోచిస్తానని నా గురించి నాకే తెలియదు. శనివారం ఏకంగా నోట్‌బుక్కులో ఒక జవాబు రాసి చూసుకున్నాను, ఆమె తరఫున: ఇంటిపనుల వల్ల తీరిక లేదు, మన్నించగలరు. నాలుగు లైన్లు, ఒక్క తప్పు లేదు.

ఆదివారం పొద్దున ఆమె పెరట్లో కత్తిపీట ముందేసుకుని కానాగంత చేపలు శుభ్రం చేస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళి ఆ నాలుగు లైన్లు పంపెయ్యాలి, లేదా నోరు విప్పాలి. చేతులకంటిన పొలుసులతోనే ముంగురులు వెనక్కి తోసుకుని, "ఏంది బావా, ఈ వారమంతా మొహం అట్ట పెట్టినావు? ఒంట్లో బాగలేదా?" అంది.

ఆ ఒక్క మాటకు ఇంక దాచడం నా వల్ల కాలేదు. "నీకు ఉత్తరం వచ్చిందే. ఆ ఐదుగురిలో నువ్వుండావు. సోమవారమే వచ్చింది. నేను దాచిపెట్టినాను. ఓర్చుకోలేకపోయినాను" అన్నాను.

ఆమె చేప పక్కన పెట్టలేదు. మొప్పలు తీస్తూనే, "తెలుసు" అంది.

"తెలుసా?"

"నా ఫోన్లో గూడా వచ్చింది గదా. తెలుగులోకి మార్చుకొని చదివినా. మంగళవారమే సరేనని రాసినా. వాళ్ళు మళ్ళా రాసినారు, సంతోషమని."

"ఏ భాషలో రాసినావు?"

"తెలుగులోనే. వాళ్ళకి అర్థమయింది."

ఇన్నాళ్ళూ నేను పట్టుకుని వేలాడిన ఆ ఒక్క ఇంగ్లీషు కూడా వాళ్ళ మధ్య అక్కర్లేకపోయింది. సిగ్గు, దానిమీద మళ్ళీ కుళ్ళు. అంత సిగ్గులో కూడా కుళ్ళుకునే మనిషి ఉంటాడంటే నేను నమ్మేవాణ్ణి కాదు. కత్తిపీటకు అవతల చతికిలబడ్డాను.

"ఆరు రోజులూ తెలిసే ఊరుకున్నావా? నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది" అంది. "దాచినందుకు గాదులే. నీ కుళ్ళు నాకు తెలవనిదా, చిన్నప్పుడు నా పలక పగలగొట్టినోడివి. కోపం యాడ వచ్చిందంటే, ఆ గిన్నె ముక్క నేను చెప్తావుంటే నీ చేత్తోనే రాసినావు గదా. రాసేటప్పుడు గూడా అది ఆటలో సంగతే అనుకున్నావే, ఆడ వచ్చింది."

పిల్లి ఒకటి వచ్చి చేపల గిన్నె దగ్గర కూర్చుంది. ఆమె దాన్ని అదిలించింది. మా నాన్న అయితే ఇలాంటప్పుడు ఏం అడిగేవాడో నాకు తెలుసు. నాకు మాత్రం ఆ మాట నోటికి రాలేదు. తడుముకుని తడుముకుని, చేతికందిన మొదటి ప్రశ్న అడిగాను.

"హ్యాచరీలో పని ఎట్టుండాది?"

ఆమె కత్తిపీట మీదనుంచి చెయ్యి తీసి నా మొహంలోకి చూసింది.

"హ్యాచరీ మానేసి రెండు నెల్లయింది బావా. ఇప్పుడు మనుబోలు దారిలో బట్టల కంపెనీకి పోతన్నా. నువ్వు బస్సెక్కినాక వ్యాన్ వస్తాది."

"రెండు నెల్లా? నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"చెప్పినా. ఊఁ అన్నావు. అప్పుడు నువ్వు గుహలో ఉండావు."